చాలమ్మా అన్నాక చదివిన వచనం

మా సంఘంలో నేను చేసిన పని ఒక్కటే, చదవడం. పాటలు పాడమంటే పాడలేను, నా గొంతుకి తాళం అబ్బదు. క్రిస్మస్ భోజనాలకి కూరగాయలు తరగమంటే తరుగుతాను గాని, పక్కనున్నవాళ్ళతో దెబ్బలాడకుండా తరగలేను. చదవమంటే మాత్రం లేచి నిలబడతాను. మా చర్చిలో పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెప్తన్నాను. ప్రసంగం మధ్యలో అయ్యగారు ఫలానా పుస్తకం, ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అని పిలుస్తారు. ఆయన చదవరు. సంఘంలో ఒకరు లేచి అందరికీ వినబడేలా చదువుతారు. ఆయనకి కావలసినంత అయ్యేక ‘చాలమ్మా’ అంటారు. చదివేవాళ్ళు ఆపి కూచుంటారు. అప్పుడాయన దానికి వివరం చెప్తారు. చోడవరంలో మా చర్చిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఆ లేచి నిలబడే మనిషిని నేనే.

నేను అంగన్‌వాడీ టీచర్ని. పాతికమంది పిల్లలు ఒకేసారి ఏడుస్తన్నప్పుడు ఆ ఏడుపు మీంచి అ ఆ ఇ ఈ చెప్పిన గొంతు నాది. మైకు అక్కర్లేదు. నోరు కూడా గొంతుకి తగ్గట్టే ఉంటాదని మావాళ్ళు అంటారు. అనుకోనీండి, నాకేటి.

ఈ చదివే పని నాకెందుకంత ముఖ్యమో తెలియాలంటే మా అక్క సంగతి చెప్పాలి. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా అమ్మా నాన్నా రావికమతం వైపు చెరకు నరకడానికి పోతే నన్ను చంకనేసుకుని చూసుకోడానికి అక్క బడి మానీసింది. రెండో తరగతితో సరి. నాకు వయసొచ్చేక నన్ను బడిలో వేసేరు. అక్క కత్తి పట్టుకుని అమ్మ వెనకాల చెరకు తోటలోకి పోయింది. ఇప్పటికీ ఆవిడకి సంతకం తప్ప ఇంకేటీ రాదు. నాకు నాలుగక్షరాలు వచ్చేయంటే ఆవిడ వదులుకుంది కాబట్టి వచ్చేయి. అది నేను ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

అంచేత మా అక్కకి బైబిలంటే నా గొంతు. ఆదివారం ఆడవాళ్ళ వైపు రెండో వరసలో కిటికీ పక్క కూచునేది. ముసుగు సరిచేసుకుని, కళ్ళు మూసుకుని నేను చదివేది వినేది. విన్నది వారమంతా నోట్లో పెట్టుకుని తిరిగేది. కూర కలుపుతూ అదే అనేది, గేదెకి గడ్డేస్తూ అదే అనేది. నేను ఒక మాట మింగేస్తే ఆ మాట ఆవిడ బైబిల్లో లేనట్టే.

మా పాత అయ్యగారు ఉన్న రోజుల్లో నాకు ఈ భయం లేదు. ఆయన ఒక పుస్తకం పట్టుకుంటే మొదటి వచనం నుంచి ఆఖరి వచనం దాకా వదిలేవారు కాదు. బైబిల్లో ఒక చిన్న పత్రిక, అంటే సంఘానికి రాసిన ఉత్తరం, చెప్పడానికి రెండు వానాకాలాలు పట్టింది. జనం నిద్రపోయేవారు, అబద్ధమెందుకు. మగాళ్ళ వైపు గోడవార కుర్చీలకి అందుకే గిరాకీ. ఆయన మాత్రం గొంతు పెంచేవారు కాదు, కథలు చెప్పేవారు కాదు. సంగతి పూర్తయితేనే ‘చాలమ్మా’ అనేవారు. ఈ ఆదివారం ఎక్కడ ఆపేరో వచ్చే ఆదివారం అక్కడ మొదలుపెట్టేవారు. వారం మధ్యలో ఇళ్ళకొచ్చినప్పుడు ఎవరైనా బాగా చెప్పేరయ్యగారూ అంటే, ఏటి చెప్పేనో చెప్పు అనేవారు. దాంతో మేం టీ పెడతామని లోపలికి పారిపోయేవాళ్ళం. మా అక్క పారిపోయేది కాదు. అరిటిపండు ఒలిచినట్టు మొత్తం అప్పజెప్పేది.

ఆ చప్పటి ప్రసంగాల వల్ల ఏమయిందో ఒక్క సంగతి చెప్తాను. ఒకసారి ఎవరో పెద్దమనిషి కారులో వచ్చి, ప్రార్థన చేసిన నూనె అని సీసాలు పంచబోయేడు. మా సంఘంలో చింతపండు అమ్ముకునే ముసలమ్మ ఒకావిడ లేచి, బాబూ, ఇది ఏ అధ్యాయంలో ఉంది, మాచేత చదివించి అప్పుడు ఇయ్యి అంది. ఆయన రెండు మూడు చోట్లు చెప్పేడు. చదివేం. సీసాల మాట అక్కడ లేదు. ఆయన సీసాలు ఆయన కారెక్కేయి. చదువు లేని ముసలమ్మకి ఆ ధైర్యం ఎక్కడనుంచి వచ్చింది? సంఘం ఆరోగ్యంగా ఉండటమంటే నా లెక్కలో అదీ.

మూడేళ్ళ కిందట పాత అయ్యగారు రిటైరై కె.కోటపాడు దగ్గర సొంతూరికి వెళ్ళిపోయేరు. కొత్త అయ్యగారు వచ్చేరు. ఆయన చెడ్డమనిషని నేను చెప్పను, చెప్తే నా నోరు పడిపోను. ముప్పై అయిదేళ్ళుంటాయి. మంచి గొంతు, కీబోర్డు వాయిస్తారు, ఎవరికి జ్వరమొచ్చినా బండి మీద వచ్చి వాలతారు. ఆయనొచ్చేక కుర్చీలు సరిపోక షామియానా వాళ్ళ దగ్గర అద్దెకి తెస్తన్నాం. నాకూ నచ్చేరు. కాకపోతే ఆయనకి ఒక వచనం చాలు, ఒక్కోసారి అందులో సగం చాలు. ‘చాలమ్మా’ అన్నాక ఆ రోజుకి పుస్తకం మూసినట్టే. ఆ తరవాత గంటసేపు కథలు, ఎక్కడో బస్సు కండక్టరుకి జరిగింది, ఏదో ఊర్లో ఒకావిడకి కలలో కనబడింది. జనం ఏడుస్తారు, నవ్వుతారు, చప్పట్లు కొడతారు. ఇంటికెళ్ళేక ఏ వచనం అంటే ఎవరికీ తెలీదు. నాకు లోపల గుర్రుగా ఉండేది. ఉన్నా మొహమాటానికి పోయి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పు.

అప్పటికి మా అక్క చిన్న కూతురికి కిడ్నీలు పాడై ఏడాది దాటింది. ముగ్గురాడపిల్లల్లో ఆఖరిది. నన్ను పిన్నీ అంటాది గాని, నా ఒళ్ళో పెరిగిన పిల్ల, మా గుంట. సోమవారం, గురువారం అనకాపల్లి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. అల్లుడు మంచోడే, విశాఖపట్నంలో కంపెనీలో పని చేసుకుంటూ ఆదివారాలు వస్తాడు. మా బావ ఎప్పుడో పోయేడు. అంచేత బస్సెక్కించడం, పక్కన కూచోడం, గ్లాసుతో కొలిచి నీళ్ళివ్వడం, అన్నీ అక్కే. అరవై దాటిన మనిషి. ఒక్కనాడు విసుక్కోలేదు.

ఒక ఆదివారం చర్చి గేటుకి ఫ్లెక్సీ కట్టేరు. రోగానికి వేరు ఉంటాది, ఆ వేరు తెంచే ఆదివారం ఇది అని దాని అర్థం. ఆ రోజు అయ్యగారు నన్ను సువార్తలో పుట్టుగుడ్డివాడి అధ్యాయం తియ్యమన్నారు. దారి పక్కన పుట్టుగుడ్డివాడు కూచునుంటే శిష్యులు ప్రభువుని అడుగుతారు, ఇలా పుట్టడానికి పాపం చేసింది ఎవరు, వీడా, వీణ్ణి కన్నవాళ్ళా అని. ఆ ప్రశ్న దాకా చదివేను.

‘చాలమ్మా’ అన్నారు. కూచున్నాను.

జవాబు ఆ కింద వచనంలోనే ఉంది. నా వేలు దాని మీదే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, చాలంటే ఆపడం, ఆపీసేను.

ఇంక చూడండి. గంటా పది నిమిషాలు. శిష్యులంతటివాళ్ళకే తెలుసు, రోగం వెనకాల పాపం ఉంటాదని, అందుకే అలా అడిగేరు అన్నారు. ప్రశ్నని పట్టుకెళ్ళి జవాబు చేసీసేరు. మీ ఇంట్లో రోగం ఉందా, అయితే వేరు ఉంది, తల్లిలో ఉందో తండ్రిలో ఉందో వెతుక్కోండి, దొరికినవాళ్ళు వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి ఒప్పుకోండి, ఆ రోజే విడుదల అన్నారు. కీబోర్డు సన్నగా మోగుతున్నాది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరూ తలొంచుకున్నారు. నేను మా అక్క వైపు చూసేను. కళ్ళు మూసుకోలేదు. ముందు కుర్చీ అంచు పట్టుకుని కూచుంది.

సోమవారం అనకాపల్లి నుంచి వచ్చేక సాయంత్రం వాళ్ళింటికెళ్ళేను. గుంట పడుకుంది. అక్క పొయ్యి దగ్గర కూచుని ఉంది గాని పొయ్యి వెలిగించలేదు. నేనేం పాపం చేసేనే అని అడిగింది. నేను నవ్వులాటగా తీసుకున్నాను. ఆవిడ లెక్క మొదలెట్టింది. ఆదివారాలు చెరకు పనికి పోయింది. ఉపవాస కూడిక రోజుల్లో ఎవరో మాడుగుల నుంచి హల్వా తెస్తే దాచుకుని తింది. అత్తగారు పోయినప్పుడు ఏడుపు రాకపోయినా ఏడిసింది. ఓలమ్మ, ఇవీ పాపాలేనా అన్నాను. ఇవి కాదు, ఇంకోటి ఉండాలి, ఎతుకుతన్నాను అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఏడాది నుంచి బస్సుల్లో నలిగిపోతున్న మనిషి, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఇదొకటి.

మంగళవారం దొరికింది ఆవిడకి.

పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పింది. ఈ గుంట కడుపులో పడినప్పుడు అప్పటికే ఇద్దరాడపిల్లలు. ఇంట్లో అత్తగారి నోరు నాకు తెలిసిందే. మూడో నెలలో మా అక్క ఎవరికీ చెప్పకుండా పచ్చి బొప్పాయికాయ తింది, మంత్రసాని నూరి ఇచ్చిన మందు తాగింది. కడుపు పోలేదు. పిల్ల శుభ్రంగా పుట్టింది, ముప్పై మూడేళ్ళు శుభ్రంగా పెరిగింది. ఆ సంగతి మా బావకి తెలీదు, మా అమ్మకి తెలీదు, నాకూ ఆ రోజు దాకా తెలీదు. ఇదేనే అయ్యగారు సెప్పిన ఏరు, అప్పుడు నేను తాగిన మందే ఇప్పుడు దాని కిడ్నీలు తినీసింది అంది. ఆదివారం సంఘం ముందు చెప్పీస్తాను, నా బిడ్డ బతుకుతాది అంది.

ఆదివారం ఆ గుంట ఎక్కడుంటాది? తల్లి పక్క కుర్చీలోనే ఉంటాది. మొగుడు మగాళ్ళ వైపు ఉంటాడు. సూదులు పొడిచి పొడిచి చెయ్యి వాచిపోయిన పిల్ల, నిన్ను పుట్టకుండా చేద్దామనుకున్నానని తల్లి మైకులో చెప్తుంటే వినాలి. అది కూడా ఎలాగ, నా వల్లే నువ్వు చస్తన్నావని. పైగా ప్రతి ఆదివారం ఆరాధన ఫోన్లో లైవు పెడతారు, రెండువైపులా చుట్టాలూ చూస్తారు.

వెంటనే ఇంట్లోంచి బైబిల్ తెచ్చి ఆ కింద వచనం చదివేను. వీడూ పాపం చెయ్యలేదు, వీణ్ణి కన్నవాళ్ళూ చెయ్యలేదు అని ప్రభువే చెప్పిన మాట. రెండుసార్లు చదివేను. అక్క విని, నా చెయ్యి నిమిరింది. ఆవిడ అప్పుడన్న మాట నా చెవుల్లోంచి జన్మలో పోదు.

“నువ్వు నన్ను ఓదార్సడానికి సదువుతన్నావు. అది నిజింగా ఆ కిందే ఉంటే, అయ్యగారు నిన్ను ఆపమంతారేటి?”

చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇరవై ఎనిమిదేళ్ళు చదివేను కదా, ఆవిడకి నా చదువు మీద నమ్మకముందనుకున్నాను. కాదు. ఆవిడకి వాక్యమంటే చర్చిలో, అయ్యగారి ముందు, నేను నిలబడి చదివింది. పెరట్లో చదివింది చెల్లెలి మాట. ఆవిడది తప్పని ఎలా అనను? ఆ చర్చిలో ఆ సగం చదివి వినిపించింది ఎవరు? నేను కాదూ?

బుధవారం అంగన్‌వాడీ సెంటరు మూసీసి కొత్త అయ్యగారింటికి వెళ్ళేను. అప్పటికే అక్క ఫోన్ చేసి సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్తానని చెప్పీసిందట, ఏటో మాత్రం చెప్పలేదట. మీ అక్కగారి సాక్ష్యం చాలామందికి ఆశీర్వాదం అవుతుందమ్మా అన్నారు ఆయన సంతోషంగా. బొప్పాయికాయ సంగతి నేను చెప్పలేదు, అది నాది కాదు చెప్పడానికి. బైబిల్ తెరిచి, అయ్యగారూ, జవాబు కింద ఉంది, మీరు ప్రశ్న దగ్గర ఆపేరు అన్నాను. ఆయన కోప్పడలేదు. జనం పొడుగు వినరమ్మా, ఒక్కమాట గుండెకి తగిలితే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడు అన్నారు. తగిలిందండీ, తగలకూడని చోట తగిలింది అన్నాను. ఆయన ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

శుక్రవారం షేరాటో ఎక్కి పాత అయ్యగారి దగ్గరకి పోయేను. లుంగీ కట్టుకుని వాకిట్లో సైకిలు చైనుకి నూనె రాస్తన్నారు. వినికిడి తగ్గింది, అరిచి చెప్పాల్సి వచ్చింది. ఒక్క ఫోన్ చెయ్యండి, మీ మాటంటే ఆయనకి గౌరవం అని బతిమాలేను. చెయ్యనన్నారు. నేను చేస్తే అది ముసలాడి మాట అవుతాది, నువ్వు చదివే మనిషివి, వెళ్ళి చదువు అన్నారు. అక్కడ నాకు మండింది. చాలంటే ఆపమని నేర్పింది మీరే కదండీ, ఇన్నేళ్ళూ మీ చాలుకే కూచున్నాను, ఇప్పుడొచ్చి చదవమంటే ఎలాగ అని గట్టిగానే అన్నాను. ఆయన చైను వదిలీసి నా వైపు చూసేరు. అదీ నిజమే, అది నా పొరపాటే అన్నారు. మజ్జిగ ఇప్పించేరు. తాగి వచ్చీసేను.

ఆదివారం వచ్చింది. అక్క ఉన్నవాటిల్లో మంచి చీర కట్టుకుంది. గుంట పక్కన కూచుంది, మొహం ఉబ్బి ఉంది, ఎందుకమ్మా ఇవాళ ఇంత తయారయ్యేవని తల్లిని ఆటపట్టిస్తన్నాది. అల్లుడు అటువైపు ఉన్నాడు. పాటలయ్యేయి. పోయిన ఆదివారం వాక్యాన్నే మళ్ళీ చదువుకుని సాక్ష్యాలు విందాం అన్నారు అయ్యగారు. లేచేను. మైకు నా ముందుకి జరిపేరు. మొదటి వచనం, రెండో వచనం చదివేను.

‘చాలమ్మా.’

చాలలేదు. మూడో వచనం చదివేను. వీడూ కాదు, వీణ్ణి కన్నవాళ్ళూ కాదు. అక్క వైపు చూడకుండా చదివేను, చూస్తే గొంతు పోతాదని భయం. ‘చాలమ్మా, కూచోండి’ అన్నారు ఆయన ఇంకోసారి, నవ్వుతూనే. నాలుగు, అయిదు. ఆడవాళ్ళ వైపు గుసగుస మొదలైంది. సంఘపెద్ద ఒకాయన లేచి చెయ్యి ఊపేడు. మైకు ఆగిపోయింది, ఎవరు ఆపేరో నాకు తెలీదు. ఆపితే ఆపేరు, అది ఉందని నేను ఎప్పుడనుకున్నాను? అంగన్‌వాడీ గొంతు తీసేను. కీబోర్డు కూడా ఆగింది.

అధ్యాయం మొత్తం చదివేను. నలభై ఒక్క వచనాలు. చదువుతుంటే నాకే కొత్తగా ఉంది. అందులో ఆ గుడ్డివాడి తల్లినీ తండ్రినీ కూడా పిలిపించి నిలదీస్తారు. వాళ్ళు భయపడుతూ, వీడు మా కొడుకే, గుడ్డివాడిగానే పుట్టేడు, అంతే మాకు తెలుసు అంటారు. చూపొచ్చినవాణ్ణి పెద్దలు, నువ్వు పుట్టడమే పాపంలో పుట్టేవు, మాకు చెప్పొచ్చేవా అని తిట్టి బయటికి గెంటీస్తారు. గెంటీసేరని విని ప్రభువు వెళ్ళి వాణ్ణి వెతికి పట్టుకుంటాడు. పాపం పాపం అని అరిచినవాళ్ళు ఎవరో, ఆ తల్లీ తండ్రీ ఎలా వణికేరో, అన్నీ అక్కడే ఉన్నాయి. వారం రోజులు నా చేతిలోనే ఉన్నాయి. ఆఖరి వచనం అయ్యేక బైబిల్ మూసి కూచున్నాను. ఒళ్ళంతా చెమట.

అయ్యగారి మొహం ఎర్రబడింది. ఆయన గొంతు సవరించుకుని, సరే, సాక్ష్యం చెప్పాలనుకున్నవాళ్ళు లేవండి అన్నారు. మా అక్క లేచింది. ఇంత చదివినా లేచిందంటే ఇంక నావల్ల కాదనుకున్నాను. అక్క ముసుగు సర్దుకుని, కూతురి భుజం మీద చెయ్యేసి నిలబడింది.

“మా గుంటకి రేపు డయాలసిస్ ఉంది. దానికోసం అందరూ పార్దన సెయ్యండి. నాకు సెప్పడానికి ఇంకేటీ నేదు.”

కూచుంది. ఎవరో ఆమేన్ అన్నారు. మొదట మగాళ్ళ వైపు నుంచి, తరవాత అన్ని వైపుల నుంచీ. అయ్యగారు ప్రార్థన చేసేరు. చిన్నది, ఆ పిల్ల కోసం ఒక్కదాని కోసమే చేసేరు. బాగా చేసేరు, అది కూడా చెప్పాలి.

తరవాత సంగతి పెద్దదేం కాదు. కమిటీ పిలిచింది. అయ్యగారి మాట కాదన్నావు, క్రమం తప్పేవు, క్షమాపణ చెప్పు అన్నారు. బైబిల్ ఎక్కువ చదివినందుకు చర్చిలో క్షమాపణ చెప్పిన మనిషి ఎక్కడైనా ఉంటే చూపించండి, వెనకాలే నిలబడతాను అన్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. చదివే పని నా దగ్గరనుంచి తీసీసి, డిగ్రీ చదివిన అమ్మాయికి ఇచ్చేరు. మంచి ఉచ్చారణ. ఆ అమ్మాయి చాలంటే ఆపుతాది, నేను కూడా ఆ వయసులో ఆపేను. మా చర్చి వదిలీసి ఇంకో చర్చికి పోతానని కొందరు ఎదురుచూసేరు. ఎందుకు పోతాను? అది మా అమ్మ ఇటుకలు మోసిన చర్చి. ప్రతి ఆదివారం మొదటి వరసలో కూచుంటన్నాను. ఆ అమ్మాయి ఆపిన చోటునుంచి కింద ఏముందో పెదాలు కదుపుతూ చదువుకుంటాను. అయ్యగారికి కనబడుతుంది. కనబడాలనే కదుపుతాను. ఇప్పుడు నా వెనకాల వరసల్లో కూడా ‘చాలమ్మా’ అన్నాక కాగితాలు తిరుగుతున్న చప్పుడు వినబడుతున్నాది. జనం పొడుగు వినరని ఎవరు చెప్పేరో.

అసలు సంగతి ఆ ఆదివారం తరవాత వచ్చిన గురువారం జరిగింది. డయాలసిస్ అయ్యేక సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. గుంట మంచం మీద పడుకుంది, చేతికి కట్టు ఉంది. అక్క గ్లాసులో సగం కొలిచి నీళ్ళిచ్చి, మంచం పట్టి మీద కూచుంది. నీకో మాట సెప్పాల అంది. నేను లేచి వెళ్ళిపోబోయేను. గుంట నా కొంగు పట్టుకుని ఉండు పిన్నీ అంది.

అక్క చెప్పింది. ఎక్కువసేపు పట్టలేదు. ఇద్దరాడపిల్లల తరవాత నువ్వు కడుపులో పడ్డావు, భయపడ్డాను, బొప్పాయికాయ తిన్నాను, మందు తాగేను. దాని వల్ల నీకిది వచ్చిందని అనుకున్నాను, ఇప్పుడు అనుకోడం నేదు. అయినా నీకు తెలీకుండా ఉండకూడదని సెప్తన్నాను. నీ దగ్గర తప్పు సేసేను, నన్ను సెమించు. మైకు లేదు, కీబోర్డు లేదు, సంఘం లేదు. ఎవరు చెప్పమన్నారని చెప్పిందో నాకు తెలీదు, నేనైతే చెప్పమనలేదు. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

గుంట పైకప్పు వైపు చూసింది. కాయ మొత్తం తినీసేవేటి అని అడిగింది. మొత్తం తిన్నానంది అక్క. గుంట కట్టు కట్టిన చెయ్యి ఎత్తి తల్లి చెయ్యి పట్టుకుంది.

“అప్పుడు నువ్వు పొమ్మంటేనే పోనేదు నేను. ఇప్పుడు పోతానేటే అమ్మా?”